మూడో పిలుపు

జూన్ 6

మామయ్యకి,

నిన్న నువ్వు ఫోన్ చేస్తే మాట్లాడకుండా పెట్టేశానని కోపం తెచ్చుకోకు. పెట్టేయక తప్పలేదు. "ఏమే పేచీ, కొత్త ఉద్యోగం ఎలా ఉంది?" అని నువ్వన్న మాట నా ఫోన్లోంచి మా విభాగంలో ఉన్న పదకొండు మందికీ వినిపించింది. పదకొండు మందీ నా వైపు తిరిగారు. మా పై అధికారి తన గదిలోంచి బయటికొచ్చి, "ఇక్కడ పేచీ ఎవరు?" అని అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళు కోర్టు గుమ్మంలో నిలబడి జనం పేర్లు కేకలేసిన గొంతు నీది. దాన్ని ఫోను తట్టుకోలేదు. కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం. ఉత్తరానికి గొంతుండదు.

ఉద్యోగం బాగానే ఉంది. ప్రాంతీయ సభలో సభ్యులు చెయ్యెత్తుతారు, వాళ్ళు దేనికి చెయ్యెత్తుతున్నారో ఆ వాక్యాలు మేం రాస్తాం. మా పై అధికారిని అందరూ చాటుగా కత్తెరమ్మ అంటారు. ఆవిడ చేతిలో ఎర్ర కలం ఉంటే ఏ వాక్యమూ బతికి బట్టకట్టదు. నేను మొదటిరోజు రాసిన పేజీన్నరని నాలుగు లైన్లు చేసి చేతిలో పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. మన ప్రాంతంలోని చిన్న కోర్టులన్నిటికీ కలిపి కొత్త చట్టం తెస్తున్నారు. గోడ తగాదాలూ దారి తగాదాలూ ఏళ్ళూ పూళ్ళూ నడుస్తున్నాయి కదా, వాటిని మూడు నెలల్లో తేల్చెయ్యాలని. అందులో పద్నాలుగో సెక్షను నా వాటాకి వచ్చింది. పేరు పిలిచినప్పుడు మనిషి రాకపోతే ఏం చెయ్యాలన్నది ఆ సెక్షను. పాత నియమం నాకంటే నీకే బాగా తెలుసు. గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలవాలి, రాకపోతే దావా కొట్టెయ్యాలి. దీని బదులు కోర్టు గోడకి ఒక బోర్డు పెడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాం. నీ పని నువ్వెలా చేస్తావో ఉన్నదున్నట్టు రాసి పంపు.

చిన్నప్పుడు సెలవులకి మీ ఇంటికొస్తే నువ్వు నన్ను భోజనానికి కూడా కోర్టు పిలుపే పిలిచేవాడివి. మూడో పిలుపుకి రాకపోతే కంచం తీసేస్తానని బెదిరించేవాడివి. ఒక్కరోజు కూడా తీసెయ్యలేదు. ఎందుకో గుర్తు రావడం లేదు.

అత్తయ్యకి నమస్కారాలు. ఈ ఉత్తరం ఆవిడకి వినిపించు, కానీ వీధికి కాదు.

నీ మేనకోడలు

*

జూన్ 15

పేచీకి,

ఉత్తరానికి గొంతుండదన్నావు కదా, అందుకని పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, కాచుకో.

నీ పేరు గురించి మీ ఆఫీసులో ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పు. నాలుగేళ్ళ పిల్లని పడుకోమంటే "ఎందుకు పడుకోవాలి, ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది" అని అడిగితే ఆ పిల్లకి ఇంకో పేరు ఎలా పెడతారు? ఇప్పుడు చూడు, ఎక్కడ రాసుందని జనం అడిగితే చూపించడానికి రాసిపెట్టే ఉద్యోగమే నీకొచ్చింది. మా అక్క కడుపు పండింది.

నా పని గురించి అడిగావు. ముప్పై ఒక్క ఏళ్ళలో అడిగినదానివి నువ్వే. పదిన్నరకి జడ్జిగారు కూర్చుంటారు. పెద్ద గుమాస్తా ఫైలు తీసి పేరు చెబుతాడు. నేను గుమ్మంలోకొచ్చి మొదటి పిలుపు పిలుస్తాను, అది వరండా చివరిదాకా వెళుతుంది. రెండోది మెట్లు దిగి రోడ్డు దాటుతుంది. మూడోది నా సొంత వ్యవహారం, అది కాగితం మీద పెట్టేది కాదులే. ఒక్కటి మాత్రం రాసుకో. మన కోర్టులో పిలుపు అందక దావా పోగొట్టుకున్నవాళ్ళని లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. నన్ను ఇక్కడ అందరూ మైకు అని ఊరికే అనరు.

నువ్వు బోర్డు పంపిస్తున్నావని అందరికీ చెప్పాను. పెద్ద గుమాస్తా, నేనూ కలిసి గోడ చూశాం. పాత గడియారం పక్కన నాలుగడుగుల జాగా ఉంది. మేకులు కూడా కొట్టించాం. పేర్లు దానిమీద రాసి ఉంటే నేను కళ్ళజోడు లేకుండా చదివి పిలవొచ్చు. డిసెంబరు ఆఖరుకి రిటైరయ్యేవాడికి ప్రభుత్వం ఇంత సౌకర్యం చేస్తుందనుకోలేదు. మేనకోడలుంటే ఆ దర్జాయే వేరు.

నీ మామయ్య

అత్తయ్య రాస్తున్నది: ఈయన నీ ఉత్తరం వరండాలో నిలబడి చదివాడు. ఎదురింటివాళ్ళు కత్తెరమ్మ ఎలా ఉన్నారని అడుగుతున్నారు.

*

జూలై 3

మామయ్యకి,

ముందు ఆ మేకులు పీకించు. నువ్వనుకున్న బోర్డు కాదది. కరెంటు బోర్డు. దానిమీద దావా నంబరు వెలుగుతుంది, అది చూసుకుని మనిషి లోపలికి వెళతాడు. పిలవడం అనేదే ఉండదు. నీ గొంతుకి శ్రమ తగ్గుతుందని నేను సంతోషిస్తుంటే నువ్వు గోడలు కొలుస్తున్నావు.

ఇంకో విషయం, ఇది నీకు మాత్రమే. కత్తెరమ్మ పద్నాలుగు కోర్టుల లెక్కలు తెప్పించింది. నూటికి ఇరవై దావాలు కేవలం పిలిచినప్పుడు మనిషి లేడని పోతున్నాయి మామయ్యా. తప్పు చేసి కాదు, న్యాయం లేక కాదు, ఆ నిమిషానికి అక్కడ లేక. ఒక్క మీ కోర్టులో మాత్రం పదేళ్ళలో పోయినవి రెండు. రెండంటే రెండు! కత్తెరమ్మ ఆ కాగితం పట్టుకుని, "ఈ కోర్టుని దేవుడైనా నడుపుతూ ఉండాలి, లేకపోతే రిజిస్టరైనా దొంగది అయి ఉండాలి" అంది. దేవుడికి సర్వీసు రిజిస్టరు లేదు కాబట్టి నేను రెండోదే అనుకున్నాను. "అసాధారణం, పరిశీలించాలి" అని నోట్ రాసి ఈ చట్టం చూసే సభ కమిటీకి పంపాను.

నీకేం భయం లేదు. నువ్వు పిలిచేవాడివి, రాసేది పెద్ద గుమాస్తా. ఆయన నీ స్నేహితుడని తెలుసు. కానీ ఎందుకైనా మంచిది, కొన్నాళ్ళు ఆయన మీద ఓ కన్నేసి ఉంచు. రాని మనిషి వచ్చినట్టు రాస్తున్నాడేమో చూడు. నిప్పు లేనిదే పొగ రాదు.

నీ మేనకోడలు

*

జూలై 21

పేచీకి,

ఈ ఉత్తరం చిన్న అక్షరాలతో రాస్తున్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నువ్వు చెప్పావని పెద్ద గుమాస్తా మీద కన్నేశాను. ఒక కన్ను కాదు, రెండూ. ఆయనా నేనూ ఇరవై ఏడేళ్ళుగా ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నాం. అలాంటి మనిషి రిజిస్టరు తెరిస్తే నేను వెనకాల నిలబడి మెడ చాచాను. ఆయన కలం మారిస్తే ఎందుకు మార్చావన్నాను. నాలుగో రోజుకి ఆయన టీ మానేశాడు. అయిదో రోజుకి మాట కూడా మానేశాడు. అంతా చూస్తే ఆయన రాసిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. వచ్చినవాళ్ళనే వచ్చారని రాశాడు.

సోమవారం ఇది జరిగింది. బట్టలు కుట్టే ఆవిడ ఒకామె ఉంది. ఆమె కుట్టు మిషను కిటికీ దగ్గర ఉంటుంది. పక్కింటాయన ఆ కిటికీకి అడ్డంగా గోడ లేపాడు. పగలే దీపం పెట్టుకుని కుడుతోంది, కళ్ళు పోతున్నాయి. ఆ దావా. ఏడాదిన్నరగా ఒక్క వాయిదా తప్పలేదు. సోమవారం ఆమె పేరు వచ్చింది. నేను రిజిస్టరు దగ్గర్నుంచి కదిలితే పెద్ద గుమాస్తా ఏం రాస్తాడోనని గుమ్మంలోనే నిలబడి మూడు పిలుపులూ పిలిచేశాను. ఒకటి, రెండు, మూడు. నియమం ప్రకారం. జడ్జిగారు దావా కొట్టేశారు.

నేనెప్పుడూ అలా పిలవను పేచీ. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. రెండో పిలుపయ్యాక నేను మెట్లు దిగుతాను. టీ కొట్టు, జిరాక్సు కొట్టు, కుళాయి, రికార్డు గది వెనకాల అరుగు. ఈ నాలుగు చోట్లా చూస్తాను. మనిషి ఎక్కడో అక్కడ ఉంటాడు. కోర్టంటే అలవాటున్నవాడు గుమ్మం దగ్గరే తిరుగుతాడు. భయపడేవాడు అరుగు మీద కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు, తన పేరు పిలిచినా తనది కాదనుకుంటాడు. వాడి పక్కన నిలబడి పిలిస్తే అది మూడో పిలుపు. ఆలోగా జడ్జిగారికి ఇంకో ఫైలు అందించి కాలక్షేపం చేసేది పెద్ద గుమాస్తా. నీ లెక్కల్లోని దొంగలం మేమిద్దరమే.

ఆవిడ జిరాక్సు కొట్టులో ఉంది. కాగితాల సంచి తనే కుట్టుకుంది, నీలం రంగుది. ఆ సంచితో పరిగెత్తుకుంటూ వచ్చి, "బాబూ, మీరు కిందికి రాలేదే?" అంది. అంతే, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దావా మళ్ళీ తెరిపించాలంటే అర్జీ పెట్టాలి, దానికో ఆర్నెల్లు పడుతుందట.

ముప్పై ఒక్క ఏళ్ళలో నేను నియమం ప్రకారం నడిచింది ఆ ఒక్కరోజే.

నీ మామయ్య

అత్తయ్య రాస్తున్నది: మూడు రోజులుగా ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు.

*

జూలై 28

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఏడ్చాను. ఆవిడ దావా పోగొట్టింది నువ్వు కాదు, నేను. నీ స్నేహితుణ్ణి నీకు దూరం చేసిందీ నేనే. తెలియనిదాన్ని తెలియదని రాయకుండా "అసాధారణం" అని రాశాను. చాలా చదువుకున్నాననుకున్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా విను. నా నోట్ చూసి కమిటీ మీ కోర్టు రిజిస్టరు తెప్పించుకుంది. రాత బాగానే ఉందని తేలింది. అయితే మనుషులందరూ ఎలా హాజరవుతున్నారో చెప్పమని పిలిచేవాణ్ణే పిలవమన్నారు. ఆగస్టు ఇరవై రెండున, పదకొండు గంటలకి. ఆ కాగితం టైపు చేసింది నేనే. వారం లోపల నీకు అందుతుంది.

నిన్ను బతిమాలుకుంటున్నాను. మూడు పిలుపులూ గుమ్మంలోనే పిలుస్తానని చెప్పు. నా గొంతు పెద్దది, అందరికీ వినిపిస్తుందని చెప్పు. అది అబద్ధం కూడా కాదు. నిజం చెబితే నియమం తప్పినట్టు ఒప్పుకున్నట్టే. రిటైరవడానికి నాలుగు నెలలుందనగా నీ మీద చార్జి పెడతారు. ఇన్నేళ్ళ మంచిపేరు ఒక్క కాగితంతో పోతుంది. దాన్ని కూడా నా చేతే టైపు చేయిస్తారు. నాకోసమైనా చెప్పొద్దు.

నీ మేనకోడలు

*

ఆగస్టు 8

పేచీకి,

కమిటీ కాగితం అందింది. అందులో నన్ను "మీరు" అన్నావు. "మీరు తప్పక హాజరు కావలసింది" అని. పుట్టి బుద్ధెరిగి నన్ను నువ్వు మీరు అనలేదు. చదవగానే కొంచెం దిగులేసింది. తర్వాత నవ్వొచ్చింది. అత్తయ్య అయితే, "ఇన్నాళ్ళకి దానికి మర్యాద వచ్చింది" అంది.

నువ్వు అడిగిన పని నా వల్ల కాదు. నేను పిలవడమే కాదు కదా, సాక్షి బోనెక్కితే ప్రమాణం చేయించేది కూడా నేనే. "అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను" అని నేను ముందు అంటాను, వాళ్ళు నా వెనకాల అంటారు. ఎన్ని వేలసార్లు అన్నానో. వాళ్ళు చెప్పారో లేదో వాళ్ళిష్టం. ప్రతిసారీ ఆ మాట మొదట అన్నవాణ్ణి నేను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి గొంతు మారిస్తే ఎలా?

మంచిపేరంటావా, కుట్టు పనావిడ "మీరు కిందికి రాలేదే" అన్నప్పుడే అది సగం పోయింది. మిగతా సగం తీసుకుని నేనేం చేసుకోను? నన్ను కాపాడాలని చూడకు. కుదిరితే ఆ మూడో పిలుపుని కాపాడు. నీ బోర్డు గుమ్మం దగ్గర వెలుగుతుంది. అరుగు మీద కూర్చున్నవాడి దగ్గరికి అది మెట్లు దిగి రాదు.

పెద్ద గుమాస్తా ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. నా మేనకోడలు చెప్పింది, నేను విన్నాను, ఇద్దరిదీ తప్పే అన్నాను. ఆయన, "ఇరవై ఏడేళ్ళు నీ కోసం ఫైళ్ళు అటూ ఇటూ మార్చాను. ఒక్కరోజు నేను కలం మారిస్తే అనుమానించావు" అన్నాడు. తర్వాత టీ తెప్పించాడు. ఒకటే తెప్పించాడు, రెండు గ్లాసులతో.

నీ మామయ్య

అత్తయ్య రాస్తున్నది: తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టాను. లోపల ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఈయన ఇంకా గట్టిగా మాట్లాడతాడు, నువ్వు దగ్గరుండి చూసుకో.

*

ఆగస్టు 25

మామయ్యా,

కమిటీ అవగానే నువ్వు మధ్యాహ్నం బస్సని పరిగెత్తావు. నీ వెనకాల గదిలో ఏం జరిగిందో, నువ్వు రాకముందు ఏం జరిగిందో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

పదకొండుకి మా సభ బంట్రోతు తలుపు సందులోంచి తల బయటపెట్టి నీ పేరు మూడుసార్లు చదివాడు. గడియారం చూస్తూనే ఉన్నాను, మూడూ కలిపి నాలుగు సెకన్లు. తల లోపలికి తీసుకుని, "రాలేదు సార్" అన్నాడు. ఛైర్మన్ వెంటనే, "గైర్హాజరని రాసుకోండి. చెప్పడానికి ఏమీ లేదన్నమాట. తర్వాతది చూద్దాం" అన్నారు. నిన్ను కొట్టేశారు మామయ్యా! ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరినీ పిలిచి కూర్చోబెట్టినవాణ్ణి నాలుగు సెకన్లలో కొట్టేశారు.

నేను మాట్లాడకూడదు. ముసాయిదా విభాగం వాళ్ళం గోడవారగా కూర్చోవాలి, అడిగితేనే నోరు విప్పాలి. అయినా లేచి నిలబడ్డాను. "అయ్యా, మూడో పిలుపు ఇంకా కాలేదు" అన్నాను. కత్తెరమ్మ నావైపు చూసిన చూపు నీకు చెప్పలేను. ఛైర్మన్ జవాబిచ్చేలోపల బయటికి పరిగెత్తాను.

రెండంతస్తులు దిగాను. సందర్శకుల గదిలో లేవు, మెట్ల దగ్గర లేవు. చివరికి క్యాంటీన్లోంచి నీ గొంతు వినిపించింది. నువ్వక్కడ ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళి, "పైన ఎవర్నో పిలుస్తున్నారండీ, లేవండి లేవండి, టీ తర్వాత తాగొచ్చు, మీది కాదుగదా చూసుకోండి" అంటున్నావు! పేరు వినపడలేదట, పిలుపని మాత్రం తెలిసిందట. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది. నేను నీ చెయ్యి పట్టుకుని, "మామయ్యా, నిన్నే!" అని అరిచాను. ఆ అరుపు మన ఇంటి గొంతే. క్యాంటీన్లో గ్లాసులు ఆగిపోయాయి.

లోపల నువ్వన్న మాటలు నీకు గుర్తున్నా లేకపోయినా నేను రాసిపెట్టుకున్నాను. "మూడు పిలుపులూ గుమ్మంలోనే పిలవాలని నియమం. మీరు ఎక్కడ పిలిచారు?" అన్నారు ఛైర్మన్. "రెండు గుమ్మంలోనే సార్. మూడోది మనిషి ఎక్కడుంటే అక్కడ." "అది తప్పని తెలుసా?" "తెలుసు సార్, ఆ నియమం నాకు కంఠతా వచ్చు." "మరెందుకు చేశారు?" నువ్వు, "ఇందాక నన్ను గుమ్మంలోంచే పిలిచారు సార్. పిలవడమే పనిగా బతికినవాణ్ణి, నాకే అందలేదు" అన్నావు.

నువ్వు వెళ్ళాక ఛైర్మన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నియమం తప్పినందుకు ఈయన్ని హెచ్చరించాలి. తప్పిన నియమాన్ని మార్చాలి. రెండూ రాయండి" అన్నారు. కత్తెరమ్మ నా దగ్గరికొచ్చి, "ఫోన్లో పేచీ అని అరిచిన గొంతు ఆయనదేనా?" అని అడిగింది. అవునన్నాను. "సరే, కూర్చుని పద్నాలుగు మళ్ళీ రాయి" అంది.

నాకు గుర్తొచ్చింది మామయ్యా. కంచం ఎందుకు తీసెయ్యలేదో. మూడో పిలుపు నువ్వు పెరట్లోకి వచ్చి, నా పక్కన నిలబడి పిలిచేవాడివి.

నీ మేనకోడలు

*

సెప్టెంబరు 4

పేచీకి,

హెచ్చరిక కాగితం వచ్చింది. ఉద్యోగం మొత్తంలో ఇది మొదటిది. అత్తయ్య దీన్ని అద్దం కట్టించి, నువ్వు వద్దన్న ఆ మేకులకే తగిలించాలంటోంది. ఇంట్లోకి తెచ్చి కొట్టించింది కూడా.

క్యాంటీన్ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు. నేను మాత్రం ఇప్పటికి నలుగురికి చెప్పాను. పెద్ద గుమాస్తా నవ్వీ నవ్వీ పొలమారి, వీపు మీద చరిచితే గానీ తేరుకోలేదు.

ఒక్కటి మాత్రం నిజం చెబుతాను. నువ్వు చెయ్యి పట్టుకుని "నిన్నే" అన్నావు చూడు, ఆ చెయ్యి నేను పైదాకా వదల్లేదు. ఇన్నేళ్ళూ నేను తీసుకొచ్చినవాళ్ళ చేతులు ఎందుకు చల్లగా ఉండేవో ఆరోజు తెలిసింది. ఇప్పుడు మెట్లు కొంచెం నెమ్మదిగా ఎక్కిస్తున్నాను.

నీ మామయ్య

*

నవంబరు 20

మామయ్యా,

నిన్న బిల్లు నెగ్గింది! ఇద్దరు తప్ప సభలో అందరూ చెయ్యెత్తారు. ఆ ఇద్దర్లో ఒకాయన నిద్రపోతున్నాడని అంటున్నారు.

పద్నాలుగో సెక్షను నీ కోసం చేతిరాతతో రాస్తున్నాను. "మొదటి రెండు పిలుపులు బోర్డు మీదా గుమ్మంలోనూ ఉండాలి. రెండో పిలుపు తర్వాత పది నిమిషాలకు తక్కువ కాకుండా ఆగి, కోర్టు ఆవరణలోనూ దాని పక్కనా జనం వేచి ఉండే చోట్లకు ఒక మనిషి స్వయంగా వెళ్ళి మూడో పిలుపు పిలవాలి. అలా పిలవకుండా ఏ దావానూ కొట్టివేయరాదు." నేను రాసినప్పుడు టీ కొట్టు, జిరాక్సు కొట్టు, కుళాయి, అరుగు అని నాలుగూ పెట్టాను. కత్తెరమ్మ నాలుగూ కొట్టేసి "వేచి ఉండే చోట్లు" అని రాసింది. "స్వయంగా" మాత్రం ముట్టుకోలేదు. ఎర్ర కలం దానిమీద ఆగింది, నేను చూశాను, ఆగి వెళ్ళిపోయింది.

ఇంకోటి. గత ఏడాదిలో గైర్హాజరు కింద పోయిన దావాలన్నీ ఒక్క పేజీ అర్జీతో మళ్ళీ తెరవొచ్చు. నీలం సంచి ఆవిడకి ముందు నువ్వే చెప్పు.

ఒక్క చెడు వార్త. చట్టం జనవరి ఒకటి నుంచి అమలవుతుంది. నువ్వు డిసెంబరు ముప్పై ఒకటిన రిటైరవుతున్నావు. ఒక్కరోజు ముందుకి జరపమని కాళ్ళావేళ్ళా పడ్డాను, కుదరలేదు. ఇన్నేళ్ళూ తప్పుగా చేసిన పని ఒప్పయ్యేనాటికి నువ్వు గుమ్మంలో ఉండవు. అదొక్కటే నాకు మింగుడు పడటం లేదు.

నీ మేనకోడలు

*

జనవరి 6

పేచీకి,

రిటైరయ్యాను. శాలువా కప్పారు, మైకిచ్చి మాట్లాడమన్నారు. మైకెందుకురా నాకు అన్నాను. అందరూ నవ్వారు, నేను తప్ప. ఆ గుమ్మం వైపు చూస్తే నవ్వు రాలేదు.

చట్టం అమలవగానే ఒక్క పేజీ అర్జీతో తెరిపించిన కుట్టు పనావిడ దావాకి నిన్న వాయిదా. ఇంట్లో కాలు నిలవక పదింటికే వెళ్ళి టీ కొట్టులో కూర్చున్నాను. ఆవిడా అక్కడే ఉంది, నీలం సంచి ఒళ్ళో పెట్టుకుని. నా స్థానంలో ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో, బక్కపలచని మనిషి. గుమ్మంలోకొచ్చి ఆవిడ పేరు పిలిచింది. ఆ గొంతు వరండా సగం కూడా దాటలేదు. పెదవులు కదలడం చూసి గుర్తుపట్టాను. బోర్డు మీద నంబరు వెలిగింది. ఆవిడ లేవబోయింది.

నేను ఆవిడ సంచి పట్టుకుని ఆపాను. "కూర్చో అమ్మా, ఒక్క పది నిమిషాలు. మూడోది రానీ" అన్నాను.

తిట్టుకోకు. చట్టం ప్రకారం ఆవిడకి ఏ ప్రమాదమూ లేదు, పద్నాలుగో సెక్షను మడిచి నా జేబులో ఉంది. కానీ ఆ పది నిమిషాలూ నా చూపంతా ఆ మెట్ల మీదే. ఆ పిల్ల దిగి వస్తుందా? ఎవరు చూడొచ్చారులే అని గుమ్మంలోనే కానిచ్చేస్తుందా? రెండో పిలుపయింది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది. ఆవిడ నావైపు చూస్తోంది. నేను గడియారం వైపు చూస్తున్నాను. టీ చల్లారిపోయింది.

అప్పుడు మెట్లు దిగింది పేచీ. ముందు కుళాయి దగ్గర చూసింది. రికార్డు గది వెనక్కి వెళ్ళొచ్చింది. జిరాక్సు కొట్టులో తొంగిచూసింది. రోడ్డు దాటి టీ కొట్టులోకి వచ్చి, మా ముందు నిలబడి, చేతిలో కాగితం చూసుకుంటూ ఆవిడ పేరు పిలిచింది. గొంతు చిన్నదే. అంత దగ్గరికొచ్చాక పెద్ద గొంతుతో పనేముంది?

"హాజర్" అంది ఆవిడ, లేచి నిలబడి.

నేనూ లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. ఆ అమ్మాయి నన్ను చూసి, "మీరెవరండీ, ప్రతివాదా?" అని అడిగింది. కాదమ్మా, టీ తాగడానికొచ్చానన్నాను. ఆ పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. నెమ్మదిగానే ఎక్కించింది.

నీ మామయ్య

అత్తయ్య రాస్తున్నది: గోడ తీసెయ్యమని మూడు వారాల్లో తీర్పొచ్చేలా ఉందని పెద్ద గుమాస్తా చెప్పాడు. ఈయన రిటైరయ్యాక కూడా భోజనానికి మూడుసార్లు పిలిపించుకుంటున్నాడు. మూడోసారి నేనే వరండాలోకి వెళ్ళి పక్కన నిలబడి పిలవాలట. ఇదెక్కడ రాసుంది అని అడిగితే, జేబులోంచి నీ కాగితం తీసి చూపిస్తున్నాడు.